కిటికీ పిడి

కిటికీ రెక్కను తెరవడానికి, మూయడానికి, మూసిన రెక్కను చట్రానికి బిగించి ఉంచడానికి చేతికి అందేలా అమర్చే పరికరం కిటికీ పిడి. పాత చెక్క కిటికీల్లో ఈ పనులకు వేర్వేరు సామాన్లు ఉండేవి: లాగడానికి పిడి, బిగించడానికి గడియ. ఇనుప కిటికీలు వచ్చాక రెండు పనులూ ఒకే పిడికి అప్పగించారు. యూపీవీసీ కిటికీల్లో పిడి బయటికి కనిపించే కొస మాత్రమే, అసలు గడియ రెక్క అంచులో దాగి ఉంటుంది. విరిగిన పిడిని మార్చడం అరగంట పని. కానీ పిడి దానంతటది విరగడం అరుదు. రెక్క ఎక్కడో పట్టేస్తుంది, లేదా జారుతుంది. ఆ భారమంతా పిడి మోస్తుంది. ఆ కారణం చూడకుండా కొత్తది బిగిస్తే అదీ కొద్ది నెలల్లో అదే మెడ దగ్గర విరుగుతుంది.

పేర్లు, భాగాలు

కిటికీ అన్న మాట హిందీ, ఉర్దూల ఖిడ్కీకి చుట్టం. తెలంగాణలో కిడికీ అని పలకడమూ ఉంది. కావ్యాల్లో కనిపించే గవాక్షం సంస్కృత పదం, ఆవు కన్ను అని దాని అర్థం. గోడలో కూర్చునే చట్రం, దానికి మడతబందుల మీద తిరిగే రెక్కలు, దొంగలకూ కోతులకూ అడ్డుగా ఊచలు లేదా గ్రిల్లు, ఇవీ తెలుగు ఇంటి కిటికీ అంగాలు.

రెక్కకు బందులున్న నిలువు పట్టెను వదిలి, ఎదుటి పట్టె మీద పిడి బిగిస్తారు. బందు నుంచి ఎంత దూరంగా ఉంటే రెక్కను తిప్పడానికి అంత తక్కువ బలం చాలుతుంది. ఎత్తు విషయంలో రెక్కకు నడిమి భాగం మేలు. బాగా పైనో కిందనో బిగిస్తే లాగినప్పుడల్లా రెక్క మెలిపడి మూలల్లో అతుకులు వదులవుతాయి.

గడియ అంటే నిలువుగా గానీ అడ్డంగా గానీ జరిగి చట్రంలోని రంధ్రంలో దూరే కడ్డీ. కొక్కెం అంటే కొస వంకీ తిరిగిన కమ్మీ. తెరిచిన రెక్క గాలికి కొట్టుకోకుండా చట్రంలోని కొండీలో తగిలిస్తారు. హార్డ్‌వేర్ దుకాణంలో మాత్రం గడియను టవర్ బోల్టు అనీ, కొక్కేన్ని హుక్ అనీ, పిడిని హ్యాండిల్ అనీ అడిగితేనే పని జరుగుతుంది.

రకాలు

మండువా లోగిళ్లలో కనిపించే నాలుగు రెక్కల కిటికీలో కింద ఒక జత, పైన ఒక జత ఉంటాయి. కింది జత మూసి మరుగు ఉంచుకుని పై జత తెరిచి గాలి రానిస్తారు. ఇలాంటి కిటికీల్లో చాలావాటికి రెక్కలు గదిలోపలికి తెరుచుకుంటాయి, ఇనుప ఊచలు రెక్కలకు వెలుపలగా ఉంటాయి. పిడి గదిలోనే ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకోవడానికీ మార్చడానికీ అడ్డేమీ లేదు. పోత ఇత్తడి పిడి, లేదా పిడి స్థానంలో ఇనుప కడియం వీటికి అలవాటు.

నేటి చెక్క కిటికీలో అమరిక తిరగబడింది. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, గ్రిల్లు లోపలివైపు వస్తుంది. చెయ్యి గ్రిల్లు సందులోంచి వెళ్లి పిడిని అందుకోవాలి. ఈ ఒక్క మార్పుతో మూడు చిక్కులు వచ్చాయి. పిడి గ్రిల్లుకు తగలనంత పొట్టిగా ఉండాలి. బిగించేటప్పుడు మామూలు స్క్రూడ్రైవరు తిప్పడానికి చోటు చాలదు. విప్పిన స్క్రూ చేతి నుంచి జారితే నేరుగా వీధిలో పడుతుంది. ఈ కిటికీల్లో ఎక్కువగా వాడేది రెండు కొసల్లో రెండేసి స్క్రూలతో కూర్చునే డి ఆకారపు పిడి. దాని పక్కనే పైకో కిందికో జరిగే టవర్ బోల్టు ఉంటుంది. ఇప్పటికీ దుకాణాల్లో వీటి కొలత అంగుళాల్లోనే చెబుతారు: పిడులు 4, 5, 6 అంగుళాలు, బోల్టులు 4, 6, 8 అంగుళాలు.

ఈ సామాన్లకు భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. తలుపు పిడులకు ఐఎస్ 208, టవర్ బోల్టులకు ఐఎస్ 204, కొక్కేలకు ఐఎస్ 207, ఉక్కు మడతబందులకు ఐఎస్ 1341. ప్యాకెట్ మీద ఈ అంకెలు కనిపిస్తే లోహపు మందం, కడ్డీ వ్యాసం ఒక లెక్క ప్రకారం ఉంటాయని ఆశించవచ్చు. విడిగా తూకానికో డజన్లకో అమ్మే సరుకులో ఆ హామీ ఉండదు. తాళాలకు పేరుపడ్డ ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ ఇత్తడి తలుపు సామాన్లకూ పెద్ద కేంద్రం.

ఇనుప కిటికీల కథ వేరు. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ ప్రాంతంలోని బ్రెయిన్‌ట్రీ పట్టణంలో క్రిటాల్ కుటుంబపు కార్ఖానా 1884లో లోహపు కిటికీలు చేయడం మొదలుపెట్టింది. సన్నని ఉక్కు పట్టెలతో ఎక్కువ గాజు, ఎక్కువ వెలుతురు ఇచ్చే ఈ తరహా ఇండియాకూ వచ్చింది. తరువాత ఐఎస్ 1038 దీనికి ప్రమాణమైంది. పాత ప్రభుత్వ క్వార్టర్లలో, రైల్వే క్వార్టర్లలో, బడుల్లో, ఆస్పత్రుల్లో ఇవి ఇంకా కనిపిస్తాయి. వీటి పిడికి ముక్కు ఉంటుంది. పిడి తిప్పితే ముక్కు చట్రం మీది చిన్న పలక వెనక్కి వెళ్లి రెక్కను దగ్గరికి లాగుతుంది. కొన్నిటి ముక్కులో రెండు గాట్లు ఉంటాయి. మొదటి గాటులో పెడితే వేలెడు సందు మిగిలి గాలి ఆడుతుంది, రెండో గాటులో పెడితే పూర్తిగా మూసుకుంటుంది. మంచి ఏర్పాటు ఇది. రెక్క అడుగున రంధ్రాలున్న పట్టీ, చట్రం మీద ఒక మేకు ఉంటాయి. ఏ రంధ్రంలో మేకు దూర్చితే రెక్క అంత మేరకు తెరుచుకుని నిలుస్తుంది.

యూపీవీసీ, అంటే మెత్తబరిచే నూనెలు కలపని పాలీవినైల్ క్లోరైడ్‌తో చేసిన కిటికీలు, 1950లలో పశ్చిమ జర్మనీలో రూపుదిద్దుకుని అక్కడి నుంచి వ్యాపించాయి. వీటిలో తిరిగే రెక్కలకు రెండు తరహాల పిడులు ఉన్నాయి. మొదటిది పాత ఇనుప కిటికీ పిడికి మనవడు: ముక్కు ఉండి చట్రం మీది మెట్టును పట్టుకుంటుంది. రెండోది ఎస్పాన్యొలెట్, పనివాళ్ల నోట ఎస్పాగ్. స్పెయిన్ పేరు మీద ఫ్రెంచి భాషలో పుట్టిన ఈ మాట, మొదట కిటికీ నిలువునా ఉండి పిడితో తిప్పితే పైనా కిందా కొక్కేలతో పట్టుకునే ఇనుప కడ్డీకి పేరు. నేడు ఆ కడ్డీ బదులు రెక్క అంచు గాడిలో ఒక ఉక్కు పట్టీ ఉంది. పిడి వెనక నుంచి వచ్చే చదరపు కడ్డీ గేర్ పెట్టెలో తిరిగితే ఆ పట్టీ పైకీ కిందికీ జరుగుతుంది. పట్టీ మీది చిన్న గుబ్బలు చట్రంలోని పలకల్లో చిక్కుకుంటాయి. ఒక్క పిడి తిప్పితే రెక్క మూడు నాలుగు చోట్ల బిగుస్తుంది.

నగరాల్లోని అపార్టుమెంట్లలో ఎక్కువగా కనిపించేవి అల్యూమినియం, యూపీవీసీ జారుడు కిటికీలు. రెక్క అడుగున చిన్న చక్రాలు ఉంటాయి, అవి పట్టాల మీద నడుస్తాయి. వీటికి పిడి కంటే తాళమే ముఖ్యం. నొక్కితే పట్టుకునే టచ్ లాక్ ఒక తరహా, రెండు రెక్కలు కలిసే చోట అర్ధచంద్రాకారంలో తిరిగే లాక్ మరొకటి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో మరో రకం ఎదురవుతుంది. అక్కడ బయటికి తెరుచుకునే కిటికీకి అడుగున మరచక్రం ఉంటుంది, చిన్న మరపిడిని గిరగిరా తిప్పితే రెక్క జరుగుతుంది. పిడి కూర్చునే ఇరుసు మీద పళ్లు ఉంటాయి. పిడిలోని పళ్లు అరిగిపోతే అది ఊరికే తిరుగుతుంది. పాత పిడి తీసుకెళ్లి ఇరుసు లావు సరిచూసుకుని కొనాలి, ఎందుకంటే 5/16, 11/32, 3/8 అంగుళాల ఇరుసులు చూపుకు ఒకేలా ఉంటాయి.

లోహాలు

ఇత్తడి రాగి, తుత్తునాగాల మిశ్రమం. పోత ఇత్తడి పిడి తుప్పు పట్టదు, నల్లబడుతుంది. చింతపండుతో తోమితే మళ్లీ మెరుస్తుంది. తరాలు నిలిచినవి ఇవే. అయితే సాగగొట్టి, వంచి చేసిన పలచని ఇత్తడికి ఒక శత్రువు ఉంది: అమ్మోనియా. బ్రిటిష్ సైన్యం ఇండియాలో గుర్రపు శాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వర్షాకాలం వచ్చేసరికి వాటంతటవే చీలేవి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, వంచినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి చేసే పని అది అని 1921లో తేలింది. పశువుల కొట్టాన్ని ఆనుకున్న కిటికీకి రేకు ఇత్తడి కంటే ఇనుమో స్టీలో ఎందుకు నయమో ఇది చెబుతుంది.

చవకగా దొరికే మెరుపు పిడుల్లో ఎక్కువ భాగం తుత్తునాగపు మిశ్రమంతో అచ్చులో పోసి పైన పూత వేసినవి. న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో రూపొందించిన జమాక్ ఈ కుటుంబానికి చెందింది. తుత్తునాగంలో సుమారు 4 శాతం అల్యూమినియం కలుస్తుంది. తుత్తునాగం స్వచ్ఛంగా ఉంటే ఇది మంచి లోహమే. సీసం వంటి మలినాలు కొద్దిగా ఉన్నా తేమకు లోలోపల ఉబ్బి పగుళ్లిస్తుంది. చేతిలో బరువుగా అనిపించడం గట్టితనానికి గుర్తు కాదు. ఇత్తడి వంగుతుంది, ఇది వంగకుండా ఫట్టున విరుగుతుంది.

సముద్రతీరాన స్టెయిన్‌లెస్ స్టీలులోనూ తేడా ఉంది. మామూలుగా అమ్మే 304 రకం మీద ఉప్పుగాలికి గోధుమరంగు మచ్చలు లేస్తాయి. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 రకం ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి ఊళ్లలో సముద్రం కనిపించే ఇంటికి 316 మీద పెట్టే అదనపు ఖర్చు వృథా కాదు.

పిడి ఏ లోహమైతే స్క్రూ కూడా ఆ లోహానికి పడేదై ఉండాలి. తడి తగిలే చోట అల్యూమినియం పిడికి ఉక్కు స్క్రూ వేస్తే రెండు లోహాల మధ్య విద్యుత్తు పుట్టి, స్క్రూ చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. మద్ది, తుమ్మ లాంటి టానిన్ ఎక్కువ ఉన్న చెక్కలో ఇనుప స్క్రూ తడిస్తే చుట్టూ నల్లటి మరక పడుతుంది, స్క్రూ సన్నబడుతుంది. అందుకే పాత వడ్రంగులు ఇత్తడి పిడికి ఇత్తడి స్క్రూలే వేసేవారు.

విరగడానికి కారణాలు

చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. పొడవున కాదు, ఈనెకు అడ్డంగా. వర్షాకాలంలో రెక్క వెడల్పు కొద్ది మిల్లీమీటర్లు పెరిగినా చట్రంలో బిగుసుకుపోతుంది. బయటికి తెరుచుకునే రెక్కను మూయాలంటే లోపలి నుంచి లాగడం తప్ప దారి లేదు. ఆ లాగుడంతా పిడి మెడ మీద, దాని స్క్రూల మీద పడుతుంది. జులై నుంచి అక్టోబరు దాకా చెక్క కిటికీ పిడులు ఎక్కువగా ఊడిరావడానికి కారణం ఇదే.

రెండో కారణం బందులు వదులై రెక్క కిందికి దిగడం. బందులకు దూరంగా ఉన్న కింది మూల ముందు జారి చట్రాన్ని రాసుకుంటుంది. అప్పుడు గడియ కొస రంధ్రానికి ఎదురుగా ఉండదు. ఇంట్లోవాళ్లు ఒక చేత్తో రెక్కను ఎత్తి మరో చేత్తో గడియ వేస్తారు. ఈ అలవాటు మొదలైన ఇంట్లో పిడికి కాలం దగ్గరపడినట్టే.

జారుడు కిటికీలో పట్టాల నిండా దుమ్ము, వెంట్రుకలు, చచ్చిన పురుగులు చేరి చక్రాలు ఆగిపోతాయి. యూపీవీసీలో పైబందు వదులై రెక్క దిగితే గుబ్బలు పలకలకు అందవు, పిడి మీద బలం పెరుగుతుంది. చూడగానే తెలిసే కారణాలూ ఉన్నాయి: పిడికి సంచులు, చొక్కాలు తగిలించడం, దండెం తాడు కట్టడం, పిల్లలు దాన్ని పట్టుకుని కిటికీ అరుగు మీదికి ఎక్కడం.

విరిగిన ముక్కను పారేయకూడదు. విరిగిన ముఖం మొత్తం ఒకే తీరుగా తాజాగా, గరుకుగా మెరుస్తుంటే ఒక్కసారి పడిన పెద్ద దెబ్బకు విరిగిందని అర్థం. కొంత భాగం మాసి నల్లబడి, మిగతాది మెరుస్తుంటే పగులు చాలాకాలం కిందటే మొదలై రోజూ కొద్దికొద్దిగా పాకిందని, అంటే రెక్క రోజూ బిగుసుకుంటోందని అర్థం. స్క్రూలు చెక్కతో సహా ఊడివస్తే పిడిలో లోపం లేదు, పట్టు పోయింది చెక్కలో.

వదులైన పిడి తుపాను రాత్రి ప్రమాదం. గాలి ఒత్తిడిని లెక్కకట్టడానికి ఇంజినీర్లు వాడే సూత్రం ప్రకారం, సెకనుకు మీటర్లలో గాలి వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో ఒత్తిడి వస్తుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలికి ఇది 1500 అవుతుంది. 45 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న రెక్క మీద సుమారు 810 న్యూటన్లు, అంటే 80 కిలోల పైచిలుకు బరువు. సగం బందులు మోస్తే, మిగతా 40 కిలోలు గడియ మీదా పిడి మీదా పడతాయి. గాలి ఇంటి పక్కల మీదుగా పోయేటప్పుడు ఈ బలం లోపలికి నెట్టదు, బయటికి పీలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో కిటికీల అద్దాలు పెద్ద ఎత్తున పగిలాయి. ఒక కిటికీ తెరుచుకుందంటే గాలి లోపలికి చొరబడి పైకప్పును అడుగు నుంచి ఎత్తుతుంది, రేకుల ఇంటికి అది మరీ కీడు.

చెక్క కిటికీకి పిడి మార్చడం

ముందు రెక్క స్వేచ్ఛగా ఆడేలా చేయాలి. రెక్కకూ చట్రానికీ మధ్య కాగితం జరిపి చూస్తే ఎక్కడ ఆగుతుందో అక్కడ పట్టేస్తోంది. రంగు ఒరిసి చెక్క తేలిన చోటూ అదే చెబుతుంది. బందు స్క్రూలు వదులైతే ముందు వాటిని బిగించాలి. చాలాసార్లు దానితోనే రెక్క పైకి లేస్తుంది. అయినా ఒరుసుకుంటే ఆ మేరకే చిత్రిక పట్టాలి. చిత్రిక పట్టడానికి వర్షాకాలం తగిన సమయం కాదు. ఉబ్బినప్పుడు ఎక్కువగా తీసేస్తే వేసవిలో చెక్క ముడుచుకుని వేలు పట్టే సందు మిగులుతుంది. వానల్లో తప్పనిసరైతే కొద్దిగా తీసి ఆపి, మిగతాది జనవరి తరువాత చూసుకోవాలి. చిత్రిక పట్టిన అంచుకు వెంటనే రంగో వార్నిషో వేయాలి. పచ్చిగా వదిలేసిన అంచు ముందుకంటే ఎక్కువ తేమ తాగుతుంది.

కొత్త పిడి కొనేముందు కొలవవలసింది పిడి మొత్తం పొడవు కాదు, స్క్రూ రంధ్రాల నడిమి నుంచి నడిమికి దూరం. అది కలిస్తే పాత రంధ్రాలు పనికొస్తాయి, రంగు మీది పాత గుర్తు కూడా పిడి కింద కప్పుకుపోతుంది. తరువాత చూడవలసింది పిడి ముందుకు పొడుచుకొచ్చే మేర. గ్రిల్లుకూ రెక్కకూ మధ్య ఉన్న ఖాళీలో పిడితో పాటు వేళ్లు కూడా పట్టాలి. పాత పిడిని దుకాణానికి తీసుకెళ్లడం ఈ కొలతలన్నిటి కంటే నమ్మకమైన పద్ధతి.

పాత స్క్రూలు విప్పడం చాలాసార్లు బిగించడం కంటే కష్టం. ముందు స్క్రూ తలలోని గాటులో నిండిన రంగును దబ్బనంతో గీకి తీయాలి. తుప్పు పట్టి ఉంటే కొద్దిగా కిరోసిన్ లేదా తుప్పు వదిలించే నూనె వేసి కొన్ని గంటలు ఆగాలి. స్క్రూడ్రైవరు కొస గాటుకు సరిగ్గా సరిపోవాలి, సన్నది వాడితే తల చెడిపోతుంది. విప్పడానికి ముందు కొంచెం బిగించే వైపు తిప్పితే తుప్పు పట్టు విడుస్తుంది. తల పూర్తిగా అరిగిపోతే హెక్సా బ్లేడుతో కొత్త గాటు కోయవచ్చు. గ్రిల్లు అడ్డం వస్తే పొట్టి స్క్రూడ్రైవరు కావాలి. అదీ పట్టకపోతే బందుల స్క్రూలు విప్పి రెక్కనే గదిలోకి తేవాలి. ఇది కింది అంతస్తులో మాత్రమే చేయదగిన పని. మేడ మీద రెక్కను ముందుగా తాడుతో గ్రిల్లుకు కట్టి, కింద మనుషులు తిరగకుండా చూసి, ఇద్దరు కలిసి చేయాలి. గ్రిల్లు లేని మేడ కిటికీలోంచి వంగి పని చేయకూడదు.

రంధ్రం వదులైతే లావాటి స్క్రూ వేయడం ఇళ్లలో అందరూ చేసే పని, మంచిది కాదు. లావు స్క్రూ సన్నని పట్టెను చీల్చవచ్చు, దాని తల పిడి రంధ్రంలో సరిగా కూర్చోదు. రంధ్రంలోని పొట్టు తీసి, ఫెవికాల్ వంటి చెక్క జిగురు పూసిన వెదురు పుల్లో టేకు చీలికో బిగువుగా దిగగొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి వచ్చిన ముక్క కోసేస్తే కొత్త చెక్కతో సమానం. అగ్గిపుల్లలూ పనిచేస్తాయి కానీ మెత్తటి చెక్క కాబట్టి ఎక్కువకాలం నిలవవు. తరువాత 2 మిల్లీమీటర్ల బిట్టుతో దారి రంధ్రం వేసి, స్క్రూకు కొవ్వొత్తి మైనమో సబ్బో రుద్ది దించాలి. ఇత్తడి స్క్రూ మెత్తనిది, గట్టి టేకులో తల తెగిపోతుంది. అందుకే ముందు అదే సైజు ఉక్కు స్క్రూతో మర దారి వేసి, దాన్ని విప్పి ఇత్తడిది వేయడం నేర్పున్న వడ్రంగి పద్ధతి. స్క్రూలన్నీ సగం దాకా దించి, పిడి నిలువు సరిచూసుకుని, ఆ తరువాతే గట్టిగా బిగిస్తారు.

ఇనుప కిటికీకి

ఇనుప కిటికీ పిడి తరచుగా రివెట్లతో బిగించి ఉంటుంది. రివెట్టు తల మధ్యలో పంచ్‌తో చుక్క పెట్టి, డ్రిల్లుతో తల మాత్రం తొలిచి, మిగిలింది వెనక్కి తట్టి తీస్తారు. ఆ రంధ్రంలో కొత్త పిడిని నట్టు బోల్టుతో బిగించడం ఇంట్లో సులువు, వెనక్కి చెయ్యి అందకపోతే రంధ్రంలో మర కోయించాలి. తేలిన ఇనుముకు అప్పటికప్పుడే రెడ్ ఆక్సైడ్ పూయాలి. వెల్డింగుతో పిడి అతికించడం వీధి చివరి షాపులో చిటికెలో అయ్యే పనే, కానీ వేడికి పక్కనున్న గాజు పగలవచ్చు, మరోసారి పిడి మార్చే వీలూ పోతుంది. పాత పిడి పోత ఇత్తడిది అయితే, ముక్కు అరిగిందన్న కారణానికి దాన్ని తీసేయనక్కర్లేదు. చట్రం మీది పలక వెనక పలచని రేకు ముక్క పెట్టి ఎత్తు పెంచితే పట్టు తిరిగి వస్తుంది.

యూపీవీసీ కిటికీకి

ఇక్కడ మొదట తేల్చుకోవలసింది చెడిపోయింది పిడా, గేర్ పెట్టా అన్నది. రెక్క తెరిచి ఉండగా పిడి అడుగున ఉన్న ప్లాస్టిక్ మూతను కొద్దిగా ముందుకు లాగి పక్కకు తిప్పితే రెండు స్క్రూలు కనిపిస్తాయి. కొన్ని నమూనాల్లో పిడిని అడ్డంగా తిప్పితేనే పై స్క్రూ అందుతుంది. స్క్రూలు విప్పి పిడి లాగితే దాని వెనక చదరపు కడ్డీ వస్తుంది. ఆ కడ్డీనే గేర్ రంధ్రంలో పెట్టి పట్టకారుతో తిప్పి చూడాలి. అంచులోని గుబ్బలు సాఫీగా కదిలితే గేర్ మంచిదే, పిడి మారిస్తే చాలు. కదలకపోయినా, ఊరికే తిరిగినా గేర్ మార్చాలి, ఆ పని కిటికీ చేసినవాళ్లకు అప్పగించడం మేలు.

యూరప్ పద్ధతిలో చేసిన పిడుల్లో కొలతలు చాలావరకు స్థిరపడ్డాయి. చదరపు కడ్డీ మందం 7 మిల్లీమీటర్లు, రెండు స్క్రూల మధ్య 43 మిల్లీమీటర్లు, స్క్రూలు ఎం5. కంపెనీ మారినా పిడి కుదరడానికి కారణం ఇదే. మారేది కడ్డీ పొడవు. పొట్టిదైతే గేర్‌కు అందదు, పొడవైతే పిడి అడుగు రెక్కకు ఆనదు. పొడవైన కడ్డీని హెక్సా బ్లేడుతో కోసుకోవచ్చు, పొట్టిదానికి మందు లేదు. స్క్రూ పొడవూ పాతదానితో సమానంగా ఉండాలి, లేకపోతే లోపలి గేర్‌ను పొడిచి ఆపేస్తుంది. ముక్కు పిడి అయితే రెక్క ముఖం నుంచి ముక్కు అడుగుకు ఎత్తు కొలవాలి, 9 నుంచి 21 మిల్లీమీటర్ల దాకా వేర్వేరు ఎత్తుల్లో ఇవి వస్తాయి. మెడ పక్కకు వంగిన పిడుల్లో ఎడమది, కుడిది వేరు.

కొత్త పిడిని పాతది ఏ స్థితిలో తీశారో అదే స్థితిలో పెట్టాలి. తెరిచిన గేర్‌లో మూసిన స్థితిలోని పిడి బిగిస్తే కిటికీ ఎప్పటికీ తిరగేసి పనిచేస్తుంది. తాళంచెవి ఉన్న పిడి అయితే ముందు తాళం తీసి ఉంచాలి. స్క్రూలు చేత్తో బిగించాలి. కరెంటు డ్రిల్లు వేగానికి గేర్ పెట్టెలోని మెత్తటి లోహపు మరలు చెదిరిపోతాయి.

రెక్క మూసి ఉండగా పిడి విరిగి, కిటికీ తెరుచుకోకపోతే, మిగిలిన చదరపు కడ్డీ మొనను పట్టకారుతో పట్టి తిప్పవచ్చు. కడ్డీ లోపల తెగి ఉంటే స్క్రూలు విప్పి పిడి అడుగు తీసేసి, 7 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ వేరేది దూర్చి తిప్పుతారు. అద్దం వైపు నుంచి పెకలించే ప్రయత్నం చేస్తే అద్దమే పోతుంది.

జారుడు కిటికీకి

తాళం పట్టకపోతే తాళాన్ని తప్పుపట్టేముందు పట్టాలను పాత టూత్‌బ్రష్‌తో, తడిగుడ్డతో శుభ్రం చేయాలి. అడుగున నీళ్లు బయటికి పోయే సందులు మూసుకుని ఉంటే పుల్లతో పొడవాలి. రెక్క ఒక పక్కకు ఒరిగి ఉంటే అడుగు చివర ఉన్న చక్రపు స్క్రూను తిప్పి ఎత్తు సరిచేస్తారు. చాలాసార్లు తాళం మార్చకుండానే పని తీరుతుంది. మార్చవలసి వస్తే రెక్కలో కోసిన గాడి పొడవు, వెడల్పు, స్క్రూల దూరం కొలుచుకోవాలి. అర్ధచంద్రపు లాక్‌కు ఎదురు రెక్క మీది కొక్కెం కూడా కొత్తదే వేయాలి. పాతదీ కొత్తదీ కలిపితే అరుగుదల కుదరదు.

సంరక్షణ

కిటికీ సామానుకు కొబ్బరినూనె వేయడం ఇళ్లలో మామూలు. మొదట జారుగా ఉన్నా, దుమ్ము పట్టుకుని జిగటవుతుంది. 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గడ్డకడుతుంది కాబట్టి డిసెంబరు ఉదయాల్లో గడియ మరీ మొండికేస్తుంది. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క ఇంతకంటే మంచిది. యూపీవీసీ, అల్యూమినియం కిటికీలకు సిలికాన్ స్ప్రే సరిపోతుంది, రబ్బరు పట్టీలను పాడుచేయదు. సముద్రం దగ్గరి ఇళ్లలో నూనె కంటే ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి ఆరనివ్వాలి.

కొత్త పిడి బిగించాక రబ్బరు పట్టీ ఉన్న కిటికీల్లో చేసే పరీక్ష ఒకటి ఉంది. సన్నని కాగితపు ముక్కను రెక్కకూ చట్రానికీ మధ్య ఉంచి మూసి, పిడి బిగించి, కాగితం లాగాలి. నాలుగు అంచుల్లోనూ ఒకే బిగువుతో పట్టుకుంటే అమరిక సరిగా ఉంది. పిడి పక్కన గట్టిగా, మూలల్లో వదులుగా వస్తే బందుల వైపు సర్దుబాటు ఇంకా మిగిలి ఉంది. చెక్క కిటికీలో ఈ బిగువు ఆశించరు, అక్కడ కాగితం ఎక్కడా చిరగకుండా వస్తే చాలు.